నాణ్యత ఎక్కడ పుడుతుంది?

అమెరికాలో కాపురం పెట్టిన తెలుగు ఇంటికి తొలి చలికాలం ఒక పాఠం నేర్పుతుంది. గుంటూరులోనో, వరంగల్లులోనో రాత్రి రుబ్బి మూతపెట్టిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి గిన్నె అంచుదాకా పొంగి ఉండేది. ఇక్కడ, డెట్రాయిట్‌లోనో, మినియాపొలిస్‌లోనో, జనవరి ఉదయాన మూత తీసి చూస్తే పిండి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. బియ్యం అదే, మినప్పప్పు అదే, రుబ్బిన చేయీ అదే. మారినది పరిసరం ఒక్కటే.

ఈ చిక్కుకు మన ఇళ్ళలో రెండు రకాల పరిష్కారాలు కనిపిస్తాయి. కొందరు గిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి దీపం వెలిగించి, ఆ కాస్త వెచ్చదనంలో పిండిని పులియబెడతారు. మరికొందరు పాళ్ళనే మారుస్తారు. పప్పు కాస్త పెంచి, చెంచాడు మెంతులు నానబెట్టి, ఉప్పు వేసే వేళ మార్చి, చలి ఉన్నా లేకున్నా పులిసే పిండిని సాధిస్తారు. మొదటివారు పరిసరాన్ని అదుపు చేశారు. రెండవవారు పరిసరానికి లొంగని పదార్థాన్ని తయారుచేశారు. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో కర్మాగారాల తీరును మార్చివేసిన నాణ్యతా విజ్ఞానపు సారం చాలావరకు ఈ రెండవ పద్ధతిలోనే ఇమిడి ఉంది. ఆ విజ్ఞానానికి వేసిన గణిత పునాదులలో ఒక రాయి తెలుగువాని చేతి మీదుగా పడినదని తెలుసుకోవడం మనకు సంతోషదాయకం.

అయితే నాణ్యత కోసం పడే శ్రమ వ్యాపారానికి లాభమా, నష్టమా? మంచి వస్తువు చేయాలంటే ఖర్చు పెరుగుతుందనీ, చవకగా చేయాలంటే నాణ్యత తగ్గక తప్పదనీ అమెరికా పరిశ్రమలు చాలాకాలం నమ్మాయి. ఆ నమ్మకానికి చెల్లించిన మూల్యం మూతపడిన కర్మాగారాలు, వీధినపడిన వేలాది కుటుంబాలు. ఆ నమ్మకం ఎలా తప్పని తేలిందో, తేలిన తరువాత కూడా అందరికీ ఎందుకు లాభించలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తనిఖీ అనే జల్లెడ

పాత పద్ధతిలో నాణ్యత అంటే తనిఖీ. వస్తువులన్నీ తయారైన తరువాత చివరన ఒక ఉద్యోగి నిలబడి, కొలిచి, హద్దులలో ఉన్నవాటిని ముందుకు పంపి, లేనివాటిని పక్కన పడవేసేవాడు. బియ్యంలో రాళ్ళు ఏరడం వంటిదన్నమాట. ఏరితే రాళ్ళు పోతాయి గానీ, అవి బస్తాలోకి ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. రేపటి బస్తాలోనూ మళ్ళీ ఏరవలసిందే. పైగా పక్కన పడవేసిన ప్రతి వస్తువులోనూ ముడిసరుకు, కూలి, కరెంటు ఖర్చులు అప్పటికే కలిసిపోయి ఉంటాయి.

ఈ జల్లెడ పద్ధతిని మొదట ప్రశ్నించినవారు అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు వాల్టర్ షూహార్ట్. బెల్ టెలిఫోన్ వ్యవస్థకు పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, 1924 మే నెలలో ఆయన తన పై అధికారికి ఒక చిన్న నివేదిక పంపారు. అందులో ఒక రేఖాపటం ఉంది. తరువాతి కాలంలో అదే 'కంట్రోల్ చార్ట్' అనే పేరుతో ప్రపంచంలోని కర్మాగారాల గోడలకెక్కింది.

షూహార్ట్ చెప్పిన విషయం సులభంగానే బోధపడుతుంది. రోజూ కారులో ఆఫీసుకు వెళ్ళే మనిషికి ఒకనాడు 28 నిమిషాలు పడుతుంది, మరొకనాడు 33. ఈ తేడాకు ఫలానా అని చెప్పదగిన కారణం ఉండదు. నాలుగు ఎర్రదీపాలు ఎక్కువ తగిలి ఉంటాయి, అంతే. కానీ ఒకనాడు 70 నిమిషాలు పట్టిందంటే దారిలో ఏదో జరిగి ఉండాలి. మొదటివి పనితీరులోనే సహజంగా ఉండే హెచ్చుతగ్గులు, రెండవది ప్రత్యేక కారణం వల్ల వచ్చినది. ఈ రెంటినీ వేరుచేసి చూడలేని యజమాని 33 నిమిషాలు పట్టిన రోజున డ్రైవరును మందలిస్తాడు, మర్నాడు దారి మార్పిస్తాడు, ఫలితం మరింత అస్తవ్యస్తమవుతుంది. సహజమైన హెచ్చుతగ్గులను తగ్గించాలంటే మార్చవలసినది పనిచేసే మనిషిని కాదు, పని జరిగే పద్ధతిని.

ఈ భావాన్ని దేశదేశాలకు చేర్చినవారు విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్. యేల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, వ్యవసాయశాఖ వారి నత్రజని పరిశోధన ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ గణాంకశాస్త్రం వైపు మళ్ళిన మనిషి ఆయన. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఆయుధ కర్మాగారాలు ఈ పద్ధతులను నేర్చుకున్నాయి. యుద్ధం ముగిశాక, ఏది తయారుచేసినా అమ్ముడుపోయే రోజులు రావడంతో మరచిపోయాయి. 1950లో డెమింగ్ జపాన్‌లో ఉపన్యాసాలిచ్చారు. యుద్ధంలో సర్వం కోల్పోయి, నాసిరకం సరుకుకు పేరుపడిన ఆ దేశం ఆయన మాటలను శ్రద్ధగా ఆలకించింది. మరుసటి ఏడే ఆయన పేరిట ఒక బహుమతిని నెలకొల్పింది. స్వదేశంలో మాత్రం ఆయన పేరు సామాన్యులకు తెలిసినది 1980 జూన్‌లో, ఎన్‌బిసి టెలివిజన్ జపాన్ పారిశ్రామిక విజయంపై ప్రసారం చేసిన కార్యక్రమంతోనే. అప్పటికి ఆయన వయస్సు 79 ఏళ్ళు.

ఒకే నమూనా, రెండు కర్మాగారాలు

ఆ కార్యక్రమం ప్రసారమైన మరుసటి ఏడు డెమింగ్‌ను పిలిపించిన సంస్థలలో ఫోర్డ్ ఒకటి. అప్పటి ఆ సంస్థ పరిస్థితి దయనీయం. 1980 నుంచి 1982 వరకు మూడేళ్ళలో 300 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

ఆ రోజుల్లోనే ఫోర్డ్ ఇంజనీర్ల కళ్ళు తెరిపించిన సంఘటన ఒకటి జరిగింది. ఒకే నమూనా ప్రకారం కారు ట్రాన్స్‌మిషన్లు కొన్ని ఒహాయోలో ఫోర్డ్ కర్మాగారంలోనూ, కొన్ని జపాన్‌లో మాజ్డా కర్మాగారంలోనూ తయారయ్యేవి. ఫోర్డ్‌కు మాజ్డాలో వాటా ఉండేది. నమూనా ఒకటే, కొలతలు ఒకటే, అనుమతించిన హద్దులూ ఒకటే. అయినా మాజ్డా చేసినవాటికి వారంటీ కింద వచ్చే మరమ్మతులు బాగా తక్కువ. కొన్నవారు కూడా అవి చప్పుడు తక్కువ చేస్తున్నాయని గమనించారు. రెండు రకాలనూ విప్పి, ఒక్కొక్క భాగాన్నీ కొలిచారు. ఫోర్డ్ భాగాలన్నీ హద్దులలోనే ఉన్నాయి. ఒక్కటీ తప్పు కాదు. కాకపోతే అనుమతించిన వెడల్పులో ముప్పాతిక మేర పరచుకుని ఉన్నాయి. మాజ్డా భాగాలు నాలుగోవంతుకు కాస్త మించిన మేరలోనే, సరిగ్గా నడిమి కొలత చుట్టూ గుమిగూడి ఉన్నాయి. కొలిచేవారు మొదట తమ పరికరమే చెడిపోయిందనుకున్నారని ఆ కథ చెప్పేవారు అంటారు.

దీని వెనుక ఉన్న సూత్రాన్ని గణితంగా చెప్పినవారు జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి. హద్దుకు వెంట్రుకవాసి ఇవతల ఉన్న పళ్ళచక్రం మంచిదనీ, వెంట్రుకవాసి అవతల ఉన్నది చెడ్డదనీ అనుకోవడం లెక్కల పుస్తకంలో చెల్లుతుంది గాని యంత్రంలో చెల్లదు. ఆ రెండూ దాదాపు ఒకేలా అరుగుతాయి. అసలు కొలతనుంచి వస్తువు దూరమైన కొద్దీ ఎవరో ఒకరికి నష్టం కలుగుతూనే ఉంటుందన్నది ఆయన వాదం. ఆ నష్టం దూరానికి వర్గంగా పెరుగుతుంది. తేడా రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. తనిఖీలో నెగ్గిన సరుకు కూడా వారంటీ ఖర్చుగా, పోయిన పేరుగా, తిరిగిరాని ఖాతాదారుగా సంస్థకు నష్టం తెస్తుందని ఈ లెక్క చూపుతుంది. నాణ్యతకూ వ్యాపార ఫలితానికీ నడుమ ఉన్న అసలైన ముడి ఇదే.

ఫోర్డ్ ఈ ముడిని గుర్తించింది. కొత్త నమూనా కార్లు, తగ్గించుకున్న ఖర్చులు కూడా తోడయ్యాయన్నది నిజమే. 1986లో ఫోర్డ్ లాభం జనరల్ మోటార్స్ లాభాన్ని మించింది. 1920ల తరువాత అలా జరగడం అదే మొదటిసారి.

తెలుగువాని తొమ్మిది వరుసలు

హెచ్చుతగ్గులు తగ్గించాలని అందరూ ఒప్పుకుంటారు. ఎలా తగ్గించాలన్నదే ప్రశ్న. ఒక రసాయన ప్రక్రియలో ఉష్ణోగ్రత, పీడనం, కాలం, గాఢత, కలిపే వేగం, ఇలా ఎన్నో అంశాలుంటాయి. దేనిని ఎంత మార్చాలో ప్రయోగం చేసి చూడాలి. ఒక్కొక్క అంశాన్నే మార్చుతూ పోతే మిగిలిన వాటితో దానికున్న పొత్తు తెలియదు. అన్ని కలయికలనూ పరీక్షిస్తే కాలమూ, డబ్బూ చాలవు.

మన పిండినే తీసుకుందాం. బియ్యం-పప్పు పాళ్ళు, నానిన గంటలు, పులిసే చోటి వేడి, ఉప్పు, ఈ నాలుగు అంశాలనూ మూడేసి స్థాయిలలో పరీక్షించదలిస్తే మొత్తం 81 కలయికలు. వారానికొకటి చొప్పున ఏడాదిన్నర పడుతుంది. ఇంత శ్రమ లేకుండా, తొమ్మిది సార్లు మాత్రమే పిండి రుబ్బి, నాలుగు అంశాల ప్రభావాన్నీ విడివిడిగా అంచనా వేయడానికి మార్గముంది. దిగువ పట్టికలో ఒక్కొక్క వరుస ఒక్కొక్క ప్రయోగం, ఒక్కొక్క నిలువు గడి ఒక్కొక్క అంశం, అంకె ఆ అంశపు స్థాయి.

1 1 1 1
1 2 2 2
1 3 3 3
2 1 2 3
2 2 3 1
2 3 1 2
3 1 3 2
3 2 1 3
3 3 2 1

ఈ పట్టికలో ఏ రెండు నిలువు గడులను తీసుకున్నా, 1-1 నుంచి 3-3 వరకు గల తొమ్మిది జంటలూ ఒక్కొక్కసారే వస్తాయి. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే పెన్సిలు పట్టుకుని సరిచూడవచ్చు. ఈ సమతుల్యం వల్ల, ఉప్పు మొదటి స్థాయిలో ఉన్న మూడు ప్రయోగాల సగటును రెండవ స్థాయిలో ఉన్న మూడింటి సగటుతో పోల్చినప్పుడు, మిగిలిన మూడు అంశాలూ రెండు పక్షాలలోనూ సమంగా పంపకమై ఉంటాయి. తూకంలో మిగిలేది ఉప్పు ప్రభావమే.

ఇటువంటి పట్టికలకు 'ఆర్థాగనల్ అరే' అని పేరు. వాటి సామాన్య సిద్ధాంతాన్ని 1940లలో నిర్మించినవారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, ప్రపంచానికి సి. ఆర్. రావు. ఆయన 1920 సెప్టెంబరు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లా హూవినహడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రిగారు పోలీసు ఉద్యోగి కావడంతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల మీదుగా సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా చేరిన ఆ యువకుడు 1941లో భారత గణాంక సంస్థలో శిక్షణకు చేరారు. ఇరవై అయిదేళ్ళకే ఆయన రాసిన పత్రం గణాంకశాస్త్రంలో చిరస్థాయి పొందింది. ఆర్థాగనల్ అరేల గురించిన పత్రాలు 1946, 1947 సంవత్సరాలలో వెలువడ్డాయి. ఆ తరువాత ఆయన కేంబ్రిడ్జిలో రోనాల్డ్ ఫిషర్ వద్ద డాక్టరేటు పొందారు.

ఈ రంగంలో ఆయన ఏకాకి కారు. ప్రయోగాలను ఒక పద్ధతి ప్రకారం రచించాలన్న భావన ఇంగ్లండులో పొలాలపై పరిశోధన చేసిన ఫిషర్‌ది. బ్రిటన్‌లో ప్లాకెట్, బర్మన్ అనే ఇద్దరు కూడా 1946లోనే ఇటువంటి పట్టికలను ప్రకటించారు. ఎన్ని అంశాలకు, ఎన్ని స్థాయిలకు, కనీసం ఎన్ని ప్రయోగాలు కావాలన్న ప్రశ్నను సామాన్య రూపంలో పరిష్కరించి హద్దులు నిర్ణయించడం రావుగారి విశిష్టత. 1954-55లో టగుచి కలకత్తాకు వచ్చి అదే భారత గణాంక సంస్థలో గడిపారు. ఫిషర్‌నూ, షూహార్ట్‌నూ ఆయన కలుసుకున్నది అక్కడే. ఆర్థాగనల్ అరేలు ఆయన పద్ధతికి ప్రధాన పనిముట్లు అయినాయి.

రావుగారు 1970ల చివర అమెరికా వచ్చి పిట్స్‌బర్గ్‌లోనూ, 1988 నుంచి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేశారు. అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, భారతదేశపు పద్మవిభూషణ్ అందుకున్నారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనను వరించింది. అదే ఏడు ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు.

ఈ పట్టికలకు ఒక పరిమితి ఉన్నదని కూడా చెప్పుకోవాలి. రెండు అంశాలు కలిసినప్పుడు మాత్రమే కనిపించే ప్రభావం ఉంటే, ఉదాహరణకు ఎక్కువ వేడిలో మాత్రమే ఉప్పు చెరుపు చేస్తే, తొమ్మిది వరుసల పట్టిక దానిని మరొక అంశపు ప్రభావంతో కలగాపులగం చేస్తుంది. రసాయన పరిశ్రమలో పనిచేస్తూ గణాంకశాస్త్రజ్ఞుడుగా ఎదిగి, విస్కాన్సిన్‌లో స్థిరపడిన జార్జ్ బాక్స్ ఈ విషయమై టగుచి పద్ధతులను గట్టిగా విమర్శించారు. లక్ష్యం గొప్పదే గాని, ప్రయోగాలను విడతలు విడతలుగా, నేర్చుకుంటూ చేయాలన్నది ఆయన పక్షం. నేటి ఇంజనీర్లు రెండు మార్గాలనూ వాడుతున్నారు.

బట్టీని మార్చని పరిష్కారం

పట్టిక కాగితం మీద ఉంటే లాభం లేదు. 1953లో జపాన్‌లోని ఇనా పింగాణీ పలకల కర్మాగారంలో ఒక సమస్య వచ్చింది. కొత్త బట్టీలో కాల్చిన పలకలు ఒకే పరిమాణంలో రావడం లేదు. దొంతరలో బయటి వరుసలకూ, లోపలి వరుసలకూ తగిలే వేడిలో తేడా ఉంది. వేడి సమంగా తగిలేలా బట్టీని తిరిగి కట్టించాలంటే అపారమైన ఖర్చు. బట్టీ జోలికి పోకుండా, మట్టి మిశ్రమంలో ఏడు అంశాలను ఎంచుకుని, ఆర్థాగనల్ అరే ప్రకారం ఎనిమిది ప్రయోగాలు చేశారు. మిశ్రమంలో సున్నం పాలు ఒక శాతంనుంచి అయిదు శాతానికి పెంచగానే, వేడిలో తేడా అలాగే ఉన్నా, పలకల పరిమాణంలో తేడా బాగా తగ్గిపోయింది. కాలేటప్పుడు సున్నం మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి కాల్షియం అల్యూమినో సిలికేట్లుగా మారి, మట్టి కుంచించుకుపోవడాన్ని అదుపులో ఉంచుతుంది. సున్నం ఖరీదైన సరుకు కాదు. నాణ్యత పెరిగింది, ఖర్చు తగ్గింది. చలికి లొంగని ఇడ్లీపిండి తర్కం ఇదే.

ఈ తర్కం 1980లో టగుచి రాకతో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చేరింది. సిలికాన్ చిప్పులపై వేలాది సూక్ష్మమైన కిటికీలు చెక్కే ప్రక్రియ అక్కడివారిని వేధిస్తోంది. కొన్ని కిటికీలు తెరచుకునేవే కావు, కొన్ని మరీ పెద్దవయ్యేవి. భారతీయ ఇంజనీరు మాధవ్ ఫడ్కే, ఆయన సహచరులు 18 ప్రయోగాల పట్టికతో ఆ ప్రక్రియను పరిశోధించారు. అటువంటి పట్టికలో ఎనిమిది అంశాలు ఇముడుతాయి. అన్ని కలయికలూ చేయాలంటే 4374 ప్రయోగాలు కావాలి. 1983లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కిటికీ పరిమాణంలోని విచలనం, గణాంకశాస్త్రపు కొలతలో, నాలుగోవంతుకు తగ్గింది. మారణ దోషాలు మూడోవంతుకు తగ్గాయి. ప్రక్రియకు పట్టే కాలం సగమైంది. కొత్త యంత్రమేదీ కొనలేదు.

ఫ్రీమాంట్ పాఠం

గణితం ఇంత శక్తిమంతమైతే, పట్టికలు కొని తెచ్చుకున్న ప్రతి సంస్థా లాభపడాలి కదా! అలా జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పే కథ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంది. అక్కడ 880 రహదారి పక్కనున్న టెస్లా కార్ల కర్మాగారాన్ని బే ఏరియాలోని తెలుగు కుటుంబాలు నిత్యం చూస్తూనే ఉంటాయి. దాని పూర్వచరిత్ర తెలిసినవారు తక్కువ.

1960లలో ఆ కర్మాగారం జనరల్ మోటార్స్‌ది. కార్మికులకూ, యాజమాన్యానికీ నడుమ నిత్య కలహం. ఏ రోజున చూసినా అయిదుగురిలో ఒకరు పనికి రానివారే. ఫిర్యాదులు వేల సంఖ్యలో పేరుకున్నాయి. ఏమి జరిగినా కార్లు కదిలే వరుసను ఆపరాదన్నది నియమం. తప్పుగా బిగించిన భాగంతోనే కారు ముందుకు సాగిపోయేది. చివరన ఎవరో విప్పి మళ్ళీ బిగించాలి. 1982లో సంస్థ ఆ కర్మాగారాన్ని మూసివేసింది. వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి.

1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి 'న్యూమీ' అనే పేరుతో అదే కర్మాగారాన్ని తెరిచాయి. అమెరికాలోనే అధ్వానమని పేరుపడిన ఆ పాత కార్మికులనుంచే, ఆ పాత యూనియన్‌నుంచే అధిక భాగం సిబ్బందిని తీసుకున్నాయి. వందలాదిమందిని శిక్షణ కోసం జపాన్ పంపాయి. వరుస పొడుగునా తలపైన ఒక తాడు వేలాడదీశారు. ఏదైనా తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దానిని లాగవచ్చు. లాగగానే తిట్టడానికి కాక, సాయం చేయడానికి నాయకుడు పరుగెత్తుకు వస్తాడు. సమస్య తీరకపోతే వరుస ఆగుతుంది.

గైర్హాజరు 20 శాతంనుంచి సుమారు 2 శాతానికి పడిపోయింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 1986-87 ప్రాంతంలో లెక్కించగా, ఒక కారు బిగించడానికి జనరల్ మోటార్స్ వారి ఫ్రేమింగ్‌హామ్ కర్మాగారంలో 31 గంటల శ్రమ, జపాన్‌లోని టొయోటా తకావోకాలో 16 గంటలు, ఫ్రీమాంట్‌లో 19 గంటలు అని తేలింది. నూరు కార్లకు లోపాలు ఫ్రేమింగ్‌హామ్‌లో 130 దాకా ఉండగా, తకావోకాలోనూ, ఫ్రీమాంట్‌లోనూ 45 చొప్పున ఉన్నాయి. మనుషులు వారే. మారినది పద్ధతి. షూహార్ట్ రేఖాపటం చెప్పినదీ అదే.

1988 ప్రాంతంలో కార్ల గిరాకీ బాగా పడిపోయినప్పుడు మరో పరీక్ష ఎదురయింది. కర్మాగారం ఎవరినీ ఇంటికి పంపలేదు. ఖాళీ సమయంలో శిక్షణ ఇచ్చింది, బయటివారికి అప్పగించిన పనులను తెచ్చి తన మనుషులకే ఇచ్చింది. తాడు లాగమన్న మాట వట్టిమాట కాదని కార్మికులు నమ్మడానికి ఇటువంటి నిర్ణయాలే ఆధారం. లోపం బయటపెడితే తన ఉద్యోగానికే ముప్పు అనుకునే మనిషి తాడు లాగడు. లోపాన్ని దాచిపెట్టే చోట కంట్రోల్ చార్టులో ఎక్కే అంకెలు కూడా నిజాలు కావు. గణితానికి కావలసిన ముడిసరుకు నిజమైన కొలత. అది విశ్వాసం ఉన్న చోటనే లభిస్తుంది.

జనరల్ మోటార్స్ ఈ పాఠాన్ని తన ఇతర కర్మాగారాలకు విస్తరింపజేయబోయి చాలాకాలం విఫలమైంది. తాళ్ళు వేలాడదీయడం సులభమే. లాగినవారిని మెచ్చుకునే మేనేజర్లను తయారుచేయడమే కష్టం. 2009లో ఆ సంస్థ దివాలా తీసింది. భాగస్వామి వైదొలగడంతో న్యూమీ కూడా 2010 ఏప్రిల్ 1న మూతపడింది. ఆ కర్మాగారం నాణ్యత వల్ల మూతపడలేదు. అయినా నాణ్యత దానిని కాపాడలేకపోయింది. ఈ చేదునిజాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

లాభనష్టాల లెక్క

నాణ్యతను జాతీయ విధానంగా ప్రోత్సహించడానికి అమెరికా ప్రభుత్వం 1987లో వాణిజ్య మంత్రి మాల్కం బాల్డ్రిజ్ పేరిట ఒక పురస్కారం నెలకొల్పింది. మంత్రి ఆ ఏడు జూలైలో ఒక గుర్రపు ప్రమాదంలో మరణించారు. 1988లో తొలి పురస్కారాలు పొందిన మూడు సంస్థలలో ఎలక్ట్రానిక్స్ దిగ్గజం మోటరోలాతో పాటు, ఒహాయోలో సిలికాన్ లోహం, ఇనుప మిశ్రమాలు తయారుచేసే గ్లోబ్ మెటలర్జికల్ అనే చిన్న సంస్థ కూడా ఉంది. పది లక్షల అవకాశాలకు 3.4 దోషాలు మించరాదన్న 'సిక్స్ సిగ్మా' లక్ష్యం మోటరోలాలో పుట్టినదే.

ఇటువంటి సంస్థలు నిజంగా లాభపడ్డాయా? జార్జియా టెక్‌కు చెందిన వినోద్ సింఘల్, ఆయన సహపరిశోధకుడు కెవిన్ హెండ్రిక్స్ 1997లో ప్రకటించిన పరిశోధన ఇందుకు ప్రసిద్ధమైన సమాధానం. నాణ్యతా పురస్కారాలు పొందిన వందలాది సంస్థలను, అటువంటివే అయినా పురస్కారాలు లేని సంస్థలతో పోల్చి, తొలి పురస్కారానికి ఆరేళ్ళ ముందునుంచి మూడేళ్ళ తరువాత వరకు పదేళ్ళ లెక్కలు చూశారు. పురస్కారం పొందినవాటి నిర్వహణ లాభం మిగిలినవాటికంటే మెరుగుగా పెరిగింది. అమ్మకాలు పెరిగినట్టు ఆధారం బలంగా ఉంది, ఖర్చులు తగ్గినట్టు ఆధారం బలహీనంగా ఉంది. అంటే నాణ్యత ఫలితం ఖర్చుల ఖాతాలో కన్నా కొనుగోలుదారు మనసులో ఎక్కువగా నమోదవుతుందన్నమాట.

1995లో థామస్ పావెల్ ప్రకటించిన మరో పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. నాణ్యతా కార్యక్రమంలోని ఏ భాగం వ్యాపార ఫలితంతో ముడిపడి ఉందో ఆయన విడదీసి చూశారు. శిక్షణ తరగతులు, ఇతర సంస్థలతో పోల్చుకోవడం, ప్రక్రియలను మెరుగుపరచే పద్ధతులు, ఇలా బయటికి కనిపించే పనిముట్లకు ఫలితంతో సంబంధం అంతగా కనిపించలేదు. పై అధికారుల నిష్ఠ, దాపరికం లేని వాతావరణం, కార్మికులకు ఇచ్చిన అధికారం, ఈ కనిపించని గుణాలకే సంబంధం కనిపించింది. ఇది ఫ్రీమాంట్ కథకు అంకెల రూపం.

పురస్కారం ఎవరికీ అభయం కాదు. 1990లో బాల్డ్రిజ్ పురస్కారం పొందిన హ్యూస్టన్‌కు చెందిన వాలెస్ అనే చిన్న పంపిణీ సంస్థ 1992లో దివాలా రక్షణ కోరవలసివచ్చింది. నాణ్యత గిరాకీని సృష్టించలేదు, అప్పులను తీర్చలేదు.

మందుబిళ్ళలో ఉన్న నమ్మకం

ఈ విషయమంతా కార్లకూ, చిప్పులకూ పరిమితమని అనుకోరాదు. అమెరికాలో మన ఇళ్ళలోని మందుల అరను తెరిచి చూస్తే, రక్తపోటుకో, చక్కెర వ్యాధికో వాడే జెనెరిక్ మందులలో కొన్నయినా హైదరాబాదు పరిసరాలలోనో, విశాఖ తీరంలోనో తయారైనవి కనిపిస్తాయి. మందుబిళ్ళ విషయంలో తనిఖీ అనే జల్లెడ ఎంత అసమర్థమో తేలికగా బోధపడుతుంది. బిళ్ళలో మందు ఎంత ఉందో రసాయనికంగా కొలవాలంటే సాధారణంగా దానిని పొడిచేసి కరిగించాలి. పరీక్షించిన బిళ్ళ రోగికి పనికిరాదు, రోగి మింగే బిళ్ళను ఎవరూ పరీక్షించి ఉండరు. లక్షల బిళ్ళలలో కొన్నింటిని మాత్రమే కొలిచి, మిగిలినవాటిని తయారుచేసిన పద్ధతిని బట్టి నమ్ముతున్నాం.

అందుకే అమెరికా ఆహార ఔషధ సంస్థ 2002 నుంచి తన ఆలోచనను మార్చుకుంటూ వచ్చింది. 2006లో ఆ సంస్థ వెలువరించిన క్యూ-8 అనే అంతర్జాతీయ మార్గదర్శకం, నాణ్యతను ఉత్పత్తిలోకి తనిఖీతో ఎక్కించలేమనీ, రూపకల్పనలోనే ఇమడ్చాలనీ స్పష్టం చేసింది. అందుకు సూచించిన మార్గాలలో ప్రయోగ రచన ఒకటి. కలకత్తాలో ఒక తెలుగు యువకుడు వేసిన గణిత మార్గానికి, హైదరాబాదు ప్రయోగశాలలో నేటి రసాయనజ్ఞుడు వేసుకునే పట్టికకు ఇలా బంధుత్వం కుదిరింది.

ఆ పట్టికలోని అంకెలు మాత్రం ఎవరో ఒక ఉద్యోగి రాత్రి షిఫ్టులో నమోదు చేసినవే. కొలత తేడా వచ్చిన వేళ ఆ ఉద్యోగి దానిని ఉన్నదున్నట్టు రాస్తాడా, భయపడి సరిదిద్దుతాడా అన్నది ఏ గణితమూ నిర్ణయించలేదు. అతని పై అధికారి ప్రవర్తన నిర్ణయిస్తుంది. మన కుటుంబాలలో ఇంజనీర్లు, మేనేజర్లు, వైద్యులు, సంస్థల యజమానులు ఎందరో ఉన్నారు. తమ కింద పనిచేసేవారు తాడు లాగిన రోజున వారు ఏమంటారన్నదే వారి సంస్థ నాణ్యతకు మొదటి కొలత. ఆ కొలత సరిగా ఉన్న చోట రావుగారి పట్టికలు ఫలితమిస్తాయి. లాభం వెనుకనే, కాస్త ఆలస్యంగానైనా వస్తుంది.